సరిచేసిన వంపు

మా బావను అందరూ మచ్చల డాక్టరు అనేవారు. ఆ పేరు విని, చర్మం డాక్టరేమో అనుకుని, ఒకావిడ మోచేతి మీది గజ్జి చూపించడానికి మా షాపు మెట్లెక్కింది కూడా. ఆయన చూసేవి మనుషుల మచ్చలు కావు, ఫొటోల మచ్చలు. అందులోనూ పెళ్ళిళ్ళూ పేరంటాల ఫొటోలు ముట్టుకునేవాడు కాదు. అడవులు, వాగులు, పక్షులు, కొండలు. తీసినవాడి చెయ్యి వణికో, ఎండ ఎక్కువై తెల్లగా మాడిపోయో, మంచు కమ్మో, లెన్సు మీద దుమ్ము పడో పాడైపోయిన ఫొటోలన్నీ ఆయన బల్ల మీదికి చేరేవి.

నేను ఆయన భార్యకు తమ్ముణ్ణి. వెనకగదిలో ప్రింటు మిషను నాది, ముందుగదిలో కంప్యూటరు ఆయనది. పద్దెనిమిదేళ్ళుగా మా ఇద్దరి మధ్య ఉన్నది ఒక చెక్క తలుపే. నాకు ముక్కు మీద కోపం. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇది రాస్తూ నేను చాలామందిని తిట్టాల్సి ఉంది. ఆ వరసలో మొదటివాణ్ణి నేనే.

బావ పని చూస్తుంటే నాకే ముచ్చటేసేది. కొంగ ఈకలు తెల్లటి ముద్దలా అతుక్కుపోయిన ఫొటో తెచ్చేవారెవరో. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, ఆ తెలుపులోంచి ఒక్కొక్క ఈకనూ బయటికి లాగేవాడు. చీకట్లో మునిగిపోయిన వాగుకు వెలుగు పోసేవాడు. మచ్చ ఉన్నచోట పక్కనున్న గడ్డి కాస్త తీసి అద్దితే, అక్కడ మచ్చ ఉండేదని తీసినవాడికే గుర్తుండేది కాదు. పని అయ్యాక వేళ్ళు విరుచుకుంటూ ఎప్పుడూ ఒకే మాట అనేవాడు.

"కొండలూ చెట్లూ తప్పు చెయ్యవురా. తప్పంతా తీసేవాడి చేతిలోనే ఉంటుంది."



షాపులో రెండు పద్ధతులుండేవి. ఒకటి ఆయనది. బాగుచేసిన ప్రతి ఫొటో కవరు మీదా ఒక చీటీ అంటించేవాడు. ఏ మచ్చలు తీశాడో, వెలుగు ఎంత మార్చాడో, ఫొటో ఒరిగి ఉంటే ఎన్ని డిగ్రీలు తిప్పి నిలబెట్టాడో అన్నీ రాసేవాడు. చివరి గడి పేరు 'సరిచేసిన వంపు'. వైద్యం చేసినవాడు చీటీ రాసివ్వకపోతే ఎలా అనేవాడు నవ్వుతూ. రెండో పద్ధతి నాది. కస్టమరు ఫొటో చూసుకుని బాగుందన్నాక, పాడైన అసలు ఫైలు తుడిచేయడం. కంప్యూటర్లో చోటు చాలడంలేదని నేనే పోరుపెట్టి పెట్టించిన రూలు అది. బాగైనది ఉండగా పాడైనది ఎందుకన్నాను. బావ కాసేపు గొణిగి ఊరుకున్నాడు.

భూగోళం చెప్పి రిటైరైన మాస్టారొకాయన మా దగ్గరికి నెలనెలా వచ్చేవారు. ఊరి చివర కొండను, నీళ్ళ ట్యాంకు మెట్ల మీద ఒకే చోట నిలబడి, పిట్టగోడ మీద కెమెరా ఆనించి, నెలకొక్క ఫొటో తీసేవారు. అలా వంద నెలలు తీసి పుస్తకం కుట్టించాలని ఆయన పంతం. వాలు మీద వరసగా పెంచిన సన్నటి పొడవాటి చెట్లు, మధ్యలో గడ్డి, కింద అంచున పద్నాలుగు ఇళ్ళు. ఆ వరసలో మూడో ఇల్లు మా బావ వాళ్ళ అక్కది. వరసకు నాకు వదిన. వాళ్ళమ్మ పోయేనాటికి బావకు తొమ్మిదేళ్ళు; ఆయనకు అన్నం పెట్టి, బడికి పంపి, కుట్టుమిషను తొక్కి చదివించింది ఆవిడే. ఇప్పటికీ ముందుగదిలో అదే మిషను ముందు కూర్చుని వీధిలోవాళ్ళందరికీ బట్టలు కుడుతుంది. ఒంటరి మనిషి.

మాస్టారి మొదటి ఫొటో అర డిగ్రీ ఒరిగి వచ్చింది. వెనకాల ఎప్పుడూ మబ్బే కాబట్టి నేల అంచు కనపడదు, దేన్ని చూసి నిలబెట్టాలి? నిటారుగా పెరిగేవి చెట్లే కదా అని బావ చెట్లను చూసి ఫొటో తిప్పాడు. అలా తిప్పితే కింద కరెంటు స్తంభమూ ఇళ్ళూ కాస్త వంకరగా వచ్చాయి. వాటిని కత్తిరించేశాడు. కొండ ఫొటోలో ఇళ్ళెందుకులెమ్మన్నాడు. మాస్టారూ సరేనన్నారు. ఆ కొండ ఎంత బాగా కుదిరిందంటే, మున్సిపల్ ఆఫీసువాళ్ళు దాన్ని కాలెండరు వేయించుకున్నారు. సగం ఊరి గోడల మీద మా కొండే.

రెండో ఏడు ఒకటి, ఒకటిన్నర. మూడో ఏడు రెండు. గడ్డి నడుమ ఒక సన్నటి నల్లగీత కూడా రావడం మొదలైంది. కెమెరాలో వెంట్రుక పడిందనుకుని బావ పక్క గడ్డి అద్ది చెరిపేశాడు. తర్వాతి నెల మళ్ళీ వచ్చింది. మళ్ళీ చెరిపాడు. మాస్టారు కెమెరాను రెండుసార్లు శుభ్రం చేయించుకొచ్చారు పాపం.

"గోడకి ఆనించి తీస్తున్నా ఒరుగుతోందంటే నా చేతుల్లోనే ఏదో ఉంది డాక్టరు గారూ" అన్నారు ఒకరోజు. మా చీటీలన్నీ ఒక నోటుపుస్తకంలో వరసగా అంటించుకొచ్చి చూపించారు. "వీటిని నరాల డాక్టరుకి కూడా చూపించాను. మీ చీటీ చూసి ఆయన మందు రాశాడు. మీరిద్దరూ కలిసి నన్ను బతికించాలి."

ఆయన జోకుకు ఆయనే నవ్వారు. స్కూటరు మానేశారు. పుట్టినప్పటినుంచీ భుజాన మోసిన మనవరాలిని, ఎక్కడ జార్చేస్తానోనని ఎత్తుకోవడం మానేశారు. ఆ రోజు నేను టీ తెప్పించాను. కబుర్లు చెబుతూ నిండు కప్పు నోటిదాకా ఎత్తి తాగారు. సాసరులో ఒక్క చుక్క ఒలకలేదు. నేను చూశాను. చూసి ఊరుకున్నాను. ఆ రోజు నోరు తెరిచి ఒక్కమాట అనుంటే అని ఇప్పటికి ఎన్నిసార్లు నన్ను నేను తిట్టుకున్నానో లెక్కలేదు.

నాలుగో ఏడు వానలు ముందే దిగాయి. దిగినవి దిగినట్టే ఉండిపోయాయి. బట్టలు ఆరవు, నా ప్రింటు కాగితాలు చెమ్మగిల్లి మిషనులో ఇరుక్కునేవి. అలాంటి ఒక మధ్యాహ్నం వదిన గొడుగు మూసి, నీళ్ళు విదిలించి, షాపులోకి వచ్చింది.

"ఏమయ్యా మరిదీ, మీ షాపువాళ్ళకి కొండలే కనపడతాయా, మనుషులు కనపడరా?" అంది నాతో. తమ్ముడివైపు తిరిగింది. "ఊళ్ళో ప్రతి గోడ మీదా నీ కొండే. దాని కింద ముప్పై ఏళ్ళుగా నేనుంటున్నానని ఏ ఒక్క ఫొటోలోనైనా ఉందా? నా ఇల్లు కూడా పడేట్టు పెద్దది ఒకటి చేసి పెట్టు. మిషను ఎదురుగా తగిలించుకుంటాను."

అక్క అడిగితే బావ కాదనే రకం కాదు. మాస్టారు ఆ నెల తెచ్చిన నలభై ఎనిమిదో ఫొటో అప్పటికే బాగుచేసి, చీటీ రాసి ఇచ్చేశాడు. అదృష్టం కొద్దీ అసలు ఫైలు నేనింకా తుడవలేదు. దాన్నే మళ్ళీ తెరిచి కూర్చున్నాడు.

మూడు రోజులు కూర్చున్నాడు. అరగంట పని అది. భోజనానికి రమ్మని మా అక్క ఇంటినుంచి ఫోనుమీద ఫోను. ఊ అనేవాడు, కదిలేవాడు కాదు. మూడో రోజు పొద్దున పదకొండింటికి తలుపు మీద వేలితో కొట్టాడు.

"ఒరేయ్, ఒకసారి ఇలా రా."

వెళ్ళాను. స్క్రీను మీద కొండ, కింద వదిన ఇల్లు.

"చెట్లు నిలబెడుతున్నాను చూడు." ఫొటో తిప్పాడు. చెట్లు బారుగా నిలబడ్డాయి. వదిన ఇల్లు కొండవైపు ఒరిగింది. "ఇప్పుడు ఇల్లు నిలబెడతాను." ఇటు తిప్పాడు. ఇల్లు నిలబడింది. చెట్లన్నీ ఇంటిమీదికి వాలాయి. "రెండూ ఒకేసారి నిలబడటంలేదురా."

"లెన్సు వల్లేమో బావా."

"లెన్సు వల్లయితే అంచుల దగ్గర అటొకటి ఇటొకటి వంగాలి. ఇవన్నీ ఒకేవైపు వంగాయి." ఆయన గొంతు తగ్గింది. "ఇళ్ళవైపు."

ఆయన గడ్డి మధ్యనున్న నల్లగీతను పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. గీత పై అంచున గడ్డి వేళ్ళు గాల్లో వేలాడుతున్నాయి. కింది అంచు ఒక మెట్టంత దిగువన ఉంది. మధ్యలో చీకటి.

"నలభై ఎనిమిది నెలల్లో ఎన్నిసార్లు చెరిపానో దీన్ని" అన్నాడు. "వెంట్రుకకి నీడ ఉండదు కదరా."

పాతవి తీద్దాం, పక్కపక్కన పెట్టి చూద్దాం అన్నాను. ఆయన నావైపు చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది. మాస్టారి కార్డు నెలనెలా ఖాళీ చేసిచ్చి, నలభై ఏడు ఫైళ్ళు నా చేత్తోనే తుడిచేశాను. మిగిలినవి ఆయన బాగుచేసినవి. వాటిలో కొండ పెళ్ళికి తయారైనట్టు ఉంటుంది, ప్రతి చెట్టూ నిటారుగా.

"చీటీలున్నాయి" అన్నాడు బావ లేస్తూ.

వానలోనే నా బండి మీద మాస్టారింటికి వెళ్ళాం. ఆయన వసారాలో కూర్చుని రబ్బరు బంతి నొక్కుతున్నారు, చేతులకు కసరత్తు. నోటుపుస్తకం తెచ్చారు. బావ పేజీలు తిప్పుతూ చివరి గడి ఒక్కటే పైకి చదివాడు. అర. అర. ఒకటి. ఒకటి. ఒకటిన్నర. రెండు. రెండు. రెండున్నర. చివరి మూడు నెలలవి చదివేటప్పుడు ఆగి ఆగి చదివాడు. మూడు. నాలుగున్నర. ఆరున్నర.

"ఇవి మీ చేతివి కావు మాస్టారూ. చెట్లవి. ఇంటితో పోల్చి చూస్తే చెట్లు అయిదు డిగ్రీలు వాలి ఉన్నాయి."

మాస్టారు రబ్బరు బంతి పక్కన పెట్టారు.

"ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను" అన్నారు. "నేల జారే ముందు చెట్లు వాలతాయని బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పాను. నెలనెలా వెళ్ళి ఆ చెట్లనే చూశాను. నా చేతుల్నే అనుమానించాను." తర్వాత లెక్కల మనిషిలా అడిగారు. "చీటీలో ఆరున్నర. మీరు అయిదంటున్నారు. మరి ఆ ఒకటిన్నర?"

బావ ఇబ్బందిగా కదిలాడు. "అది మాత్రం మీ చెయ్యి అయ్యుండొచ్చు."

"ఒకటిన్నరేగా. పర్లేదు" అన్నారు మాస్టారు.

అక్కడినుంచే మున్సిపల్ ఆఫీసుకు ఫోను చేశాం. ఫొటో పంపమన్నారు, పంపాం. గంట తర్వాత అవతలి మనిషి తాపీగా మాట్లాడాడు. "మీ షాపువాళ్ళు చేసిన కాలెండరే మా గోడ మీదుందండీ. ఇందులో చెట్లు నిక్షేపంగా ఉన్నాయి. ఇప్పుడు పంపించినదాంట్లో వంగున్నాయి. రెండూ మీరే పంపిస్తే ఏది నిజమనుకోవాలి? వాన తగ్గాక మనిషిని పంపిస్తాంలెండి." నేను ఫోను లాక్కుని నాలుగు కడిగేశాను. అవతల పెట్టేశాడు. అతన్ని ఇప్పటికీ తిట్టుకుంటాను గానీ, అతను అడిగిన ప్రశ్న మాత్రం న్యాయమైనదే.

అక్కడినుంచి వదిన ఇంటికి. తలుపు రాలేదు. లోపల్నుంచి వదిన, "భుజం పెట్టి తొయ్యండి" అని అరిచింది. ఇద్దరం తోస్తే కిర్రుమంటూ తెరుచుకుంది.

బావ తడి చేతులు చొక్కాకు తుడుచుకుని, మడిచి తెచ్చిన ఫొటో ఆవిడ ముందు పరిచాడు. అంతా చెప్పాడు. ఇప్పుడే బయలుదేరమన్నాడు. వదిన కుట్టు ఆపకుండా వింది. పెదవి విరిచింది.

"ఇందుకేనా మూడు రోజులు చేశావు? నా ఇల్లు బొమ్మలో పెట్టమంటే నన్ను ఇంట్లోంచి లేపేస్తావేంట్రా?"

"అక్కా, ఇది నేను చేసింది కాదు. ఉన్నది ఇదే."

"నువ్వు కంప్యూటర్లో గాడిదకి కొమ్ములు పెడతావు. నీ ఫొటో చూసి కొంప ఖాళీ చెయ్యనా?" దారం కొరికింది. "ఎదురింటావిడ గోడ మీద నీ కాలెండరుంది. వెళ్ళి చూడు, చెట్లు ఎంత చక్కగా ఉన్నాయో. అదీ నువ్వు చేసిందే."

బావ జీవితమంతా ఏ పనికైతే మెప్పు పొందాడో, ఆ పనే ఆయన నోరు నొక్కేసింది. మేము తెరిచి వదిలేసిన తలుపువైపు చూస్తూ నిలబడ్డాడు. చూస్తూ చూస్తూ దాని దగ్గరికి వెళ్ళాడు. కింద మూల మీద చెయ్యి పెట్టాడు. ఆ మూల చెక్క ఏటవాలుగా చెక్కేసి ఉంది, తెల్లగా, కొత్తగా.

"ఇదేంటక్కా?"

"వానకి ఉబ్బి పట్టేస్తోంది. వడ్రంగి చిత్రిక పట్టి వెళ్ళాడు."

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు. మొన్న వేసవిలో ఒకసారి."

"వేసవిలో తలుపు ఉబ్బుతుందా అక్కా?"

మిషను ఆగింది. వదిన తలెత్తి తలుపువైపు చూసింది. నాకు అప్పుడు తట్టింది. తమ్ముడు అక్కడ కొండను సరిచేస్తుంటే, అక్క ఇక్కడ తలుపును సరిచేసుకుంటూ కూర్చుంది. ఒకే పెంపకం.

బావ మిషను మీది రీలు తీసుకుని, దారం కొసకు ఆవిడ కత్తెర కట్టాడు. కుర్చీ ఎక్కి గుమ్మం పైమూల మేకుకు దారం తగిలించాడు. కత్తెర కాసేపు ఊగి నిలిచింది. దారం పైన గుమ్మాన్ని తాకుతూ ఉంది. కిందికి వచ్చేసరికి గుమ్మానికి దూరంగా వేలాడుతోంది. వదిన లేచింది. మెడలోని టేపు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, కింద ఆ ఖాళీ కొలిచింది. ఒకసారి కొలిచి, నమ్మక, మళ్ళీ కొలిచింది.

"రెండంగుళాలు" అంది.

బావ కుర్చీ దిగి అదే గుమ్మంలో కూలబడ్డాడు. "ఇల్లు నిటారుగా ఉందనుకుని చెట్ల వంపు కొలిచాను" అన్నాడు నాతో. "ఇల్లే ఒరిగిపోయింది. ఆ ఒకటిన్నర మాస్టారిది కాదురా. ఇంటిది." అంటే చెట్ల వంపు అయిదు కాదు, పూర్తిగా ఆరున్నర. చీటీలో మొదటినుంచీ రాసి ఉన్నదే నిజం.

వదిన ఇక ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మిషను తల విప్పి నా చేతికిచ్చింది. మేకు మీది దారాన్ని కత్తెరతో సహా తీసుకుని పక్కింటికి వెళ్ళింది. తర్వాత ఆ పక్కింటికి. పద్నాలుగు గుమ్మాల్లోనూ దారం వేలాడదీసి టేపుతో కొలిచింది. "మా తమ్ముడి ఫొటో సంగతి వదిలెయ్యండి. ఇది చూడండి" అని అంది. ఆ వీధిలో అందరి భుజాలూ నడుములూ ఆ టేపుకు తెలుసు. దాని కొలత తప్పని ఇంతవరకూ ఎవరూ అనలేదు. కదలనని మొండికేసిన చివరింటి పెద్దాయన కూడా, తన గుమ్మంలో మూడంగుళాలు చూశాక, చెప్పులు వేసుకున్నాడు. పొద్దుగూకేలోపు అందరూ ఊరికి అవతలనున్న బడికి చేరారు.

బడి వసారాలోంచి బావ మాస్టారికి ఫోను చేశాడు. నేను పక్కనే ఉన్నాను. వాన హోరుకు వినపడక స్పీకరు పెట్టాడు.

"మాస్టారూ, ఆ ఒకటిన్నర కూడా మీది కాదు. ఇల్లు ఒరిగింది. మీ చేతుల్లో ఏ లోపమూ లేదు. మీరు మాత్రం కొండవైపు వెళ్ళకండి."



"అయితే నా చేతులు బాగానే ఉన్నాయన్నమాట."

"ఉన్నాయి. వెళ్ళకండి."

"ఏడాదిన్నర, డాక్టరు గారూ. ఏడాదిన్నర పిల్లని ఎత్తుకోలేదు నేను."

"మాస్టారూ, వింటున్నారా?"

"వింటున్నాను, వింటున్నాను."

విన్నారు. ఏ ముక్క విన్నారో మాకు తెలియలేదు.

మర్నాడు పొద్దున వాన తెరిపిచ్చింది. వారం తర్వాత కనపడిన ఎండ. గాలిలో దుమ్ము లేదు, మంచు లేదు, ప్రతి ఆకూ కడిగినట్టుంది. ఫొటోలు తీసేవాళ్ళు ఏడాదంతా ఎదురుచూసే వెలుగు అది. నేను షాపు తెరుస్తూ ఆ మాటే అనుకున్నాను. నాకు మాస్టారు గుర్తు రాలేదు. రావలసింది.

పదీ పదికి షాపు అద్దాలు గడగడలాడాయి. లారీలోంచి కంకర దింపుతున్నట్టు చప్పుడు. దింపుతూనే ఉన్నారు, ఎంతకీ ఆగడంలేదు. తర్వాత ఆగింది.

మేము బడికి పరుగెత్తాం. వదిన మెడలో టేపుతో వసారాలో నిలబడి మనుషుల్ని లెక్కపెడుతోంది. పద్నాలుగు ఇళ్ళవాళ్ళూ ఉన్నారు, చంటిపిల్లతో సహా. ఇళ్ళు మాత్రం ఒక్కటీ లేదు. బావ అక్క చెయ్యి పట్టుకుని నవ్వాడో ఏడ్చాడో నేను చెప్పలేను. రెండూ అనుకుంటాను. అప్పుడు ఆయన జేబులో ఫోను మోగింది. మాస్టారి కూతురు.

"నాన్న మీ షాపుకి గానీ వచ్చారా?" అని అడిగింది.

పొద్దున్నే మనవరాలిని భుజాన ఎక్కించుకుని ఇల్లంతా తిరిగారట. కాఫీ కూడా తాగకుండా కెమెరా సంచీ తగిలించుకుని వెళ్ళారట.

మూడో రోజుకు మట్టి కింద దొరికారు. సంచీ ఇంకా భుజానే ఉంది, అందులో కెమెరా.

నెల తిరక్కముందే కూతురు మా షాపుకు వచ్చింది. కెమెరా పనికిరాకుండా పోయింది గానీ కార్డు బాగానే ఉంది. నోటుపుస్తకం కూడా తెచ్చింది. "ఇందులో చివరిది ఒక్కటుంది. ఆకాశం తెల్లగా ఉంది, అద్దం మీద నీటిచుక్కలు పడ్డాయి. మీరు ఎప్పటిలా బాగుచేసి పెద్దది వేసివ్వండి. నాన్నకి మీ చేతి మీద గురి" అంది. బావ తలూపాడు. ఆవిడను కూర్చోమని కార్డు పెట్టాడు.

ట్యాంకు మెట్ల మీంచి తీసింది కాదు అది. మాస్టారు పిట్టగోడ వదిలేసి, మెట్లు దిగి, వాలుకు అడ్డంగా కాలిబాట మీద చాలా దూరం నడిచి, వెనక్కి తిరిగి తీశారు. ఎడమవైపు వాలిన చెట్లు. మధ్యలో నేల బారున తెరుచుకున్న నెర్రె, మనిషి దిగిపోయేంత. కుడి అంచున, మొట్టమొదటిసారిగా, నీళ్ళ ట్యాంకు. అది రాతి మీద కట్టింది, ఈనాటికీ కదలలేదు. చెట్లూ ఇళ్ళూ నమ్మకానికి పనికిరావని తెలిశాక, నిజంగా నిటారుగా ఉన్నదాన్ని పక్కన పెట్టి తీస్తే ఇక ఏ ఆఫీసువాడూ కాదనలేడని అనుకుని ఉంటారు. లేక తన చేతులను ఏ ఆనికా లేకుండా ఒకసారి చూసుకోవాలనుకున్నారేమో. నేను ఎటూ తేల్చుకోలేకపోయాను.

బావ స్క్రీను మీద ఒక నిలువు గీత గీసి, దాన్ని ట్యాంకు స్తంభం పక్కకు జరిపాడు. పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. గీతకూ స్తంభానికీ మధ్య వెంట్రుకవాసి తేడా లేదు, పైనుంచి కిందిదాకా.

నీటిచుక్కలు ముట్టుకోలేదు. ఆకాశం ముట్టుకోలేదు. అలాగే నాకు పంపాడు, నేను అలాగే ప్రింటు తీశాను. తడి ఆరాక కవరులో పెట్టి తెచ్చేసరికి ఆయన చీటీ రాస్తున్నాడు. మచ్చలు అన్నచోట 'తీయలేదు' అని, వెలుగు అన్నచోట 'మార్చలేదు' అని రాశాడు. చివరి గడి, సరిచేసిన వంపు, ఆఖరున నింపాడు.

ఆవిడ చీటీ తీసుకుని చదువుకుంది. నోటుపుస్తకంలో ఆరున్నర పక్క పేజీ తెరిచి పెట్టుకుంది.

"ఈ చివర సున్నా ఏమిటండీ?"

"నాన్నగారి చెయ్యి ఎంత ఒరిగిందో అదమ్మా" అన్నాడు బావ.

ఆవిడ గమ్ము అడిగితే నేనే ఇచ్చాను.